టేపు లోపల రెండు వేళ్లు

నా బేరాలన్నిట్లోకీ గొప్ప బేరం అమీర్‌పేటలో, ఒక కోచింగ్ సెంటర్ పైన ఉన్న మూడో అంతస్తు గదిలో జరిగింది. బట్టల కటింగ్ గీసే సాఫ్ట్‌వేర్ అది. కొలతలు ఇస్తే పేపర్ కటింగ్ కంప్యూటరే గీసి పెడుతుంది. అమ్మే ఆయన అరవై అయిదు వేలు చెప్పాడు. నలభై ఒక్క వేలకు దించాను. మధ్యలో టీ కూడా ఆయనే తెప్పించాడు. లేవబోతుంటే అన్నాడు:

"సగం రోజు ట్రైనింగ్ ఉంటుంది మేడమ్. మూడు వేల అయిదు వందలు. తీసుకోండి. ఎక్సెల్ షీటులోంచి కొలతలు ఎక్కించే దగ్గరే అందరూ పడిపోతారు."

"అమీర్‌పేటలో పుట్టి పెరిగినదానికి కంప్యూటర్ ట్రైనింగ్ అమ్ముతారా?" అన్నాను.

ఆయన నవ్వి ఆ లైను బిల్లులోంచి కొట్టేశాడు. మెట్లు దిగుతున్నంతసేపూ నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ మూడు వేల అయిదు వందలు మిగిల్చిన ఘనత పూర్తిగా నాదే. ఇందులో ఎవరికీ వాటా ఇవ్వను.

మా నాన్న కోస్తా నుంచి వచ్చి అమీర్‌పేటలో మ్యాచింగ్ సెంటర్ పెట్టాడు. జాకెట్టు ముక్కలు, లైనింగులు, చీర ఫాల్సులు. బడి అయ్యాక నేను కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. చీర పట్టుకొచ్చిన ఆడవాళ్లు రంగు కలిసిందో లేదో చూసుకోవడానికి ముక్కను ఎండలోకి తీసుకెళ్లేవారు. ఎండలోకి తీసుకెళ్లారంటే కొన్నట్టే, ఇక పైసా తగ్గించక్కర్లేదు అని నాన్న గొంతు తగ్గించి చెప్పేవాడు. ఎదుటివాళ్లు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పకూడదనీ, కాసేపు పక్కకు చూడాలనీ కూడా ఆయనే నేర్పాడు. నేను చదివిన డిగ్రీకన్నా అది ఎక్కువసార్లు పనికొచ్చింది.

నాన్న పోయాక ముక్కల వ్యాపారం వదిలేసి, దాంతోపాటే ఆయన నడిపిన కుట్టు యూనిట్ ఒక్కటే ఉంచుకున్నాను. ఇప్పుడది పంజాగుట్ట వైపు ఒక సందులో ఉంది. యూనిఫాంలు కుడతాం. నలుగురు టైలర్లు, ఒక కటింగ్ మాస్టర్. మాస్టర్ గారు నాన్న ఉన్నప్పటి నుంచీ, ఇరవై రెండేళ్లుగా మాతోనే ఉన్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, మాతో తెలుగు. నన్ను బేటా అంటారు. నాకు నలభై నాలుగు వచ్చాక కూడా.

రెండేళ్ల కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. టేపు పట్టుకుంటే వణకదు. కత్తెర పట్టుకుంటే వణుకుతుంది. ఒక రోజు ఒకావిడ పట్టు ముక్క భుజం దగ్గర అడ్డంగా తెగింది. ఆవిడకు డబ్బిచ్చి పంపాను. ఆ తర్వాత మాస్టర్ గారు కత్తెర ముట్టలేదు. సాఫ్ట్‌వేర్ ఆలోచన అప్పుడే పుట్టింది. ఆయన కొలుస్తారు, కంప్యూటర్ గీస్తుంది, కాగితం పెట్టి టైలర్లే కోసుకుంటారు. ఆయన్ని ఉంచుకోవడానికే ఇదంతా అని అందరికీ చెప్పాను. అది నిజమే. ఆయన ఇంకో షాపుకి పోతే సగం పార్టీలు ఆయన వెనకే పోతాయన్నదీ నిజమే. రెండిట్లో నాకు ముందు తట్టింది ఏదో ఇప్పుడు చెప్పలేను.

సాఫ్ట్‌వేర్ కొన్న నెలలోనే బంజారా హిల్స్‌లోని ఒక ఆసుపత్రి నుంచి ఆర్డరు వచ్చింది. నూట పద్దెనిమిది మంది నర్సులు. మొదటి విడత మనిషికొక జత. నచ్చితే రెండో విడత, ఆపైన ఏడాది కాంట్రాక్టు. ప్యాంట్లకు నడుము దగ్గర ఎలాస్టిక్ కాబట్టి వాటితో పేచీ లేదు. టాపులు మాత్రం ఎవరి కొలత వాళ్లకు కావాలన్నారు. రెడీమేడ్ యూనిఫాంల దెబ్బకు మా పని అప్పటికే సగానికి పడిపోయింది. ఈ ఆర్డరు నిలబడితే యూనిట్ నిలబడుతుంది. యూనిట్ నిలబడితే కత్తెర పట్టలేని మాస్టర్‌కి జీతం ఇవ్వగలను.

ఆసుపత్రి సెల్లార్‌లో ఒక గది ఇచ్చారు. రెండు రోజులు ఆయన కొలిచి అంకెలు చెబుతుంటే నేను ల్యాప్‌టాప్‌లో కొట్టాను. ఆయన పద్ధతి నేను ఇన్నేళ్లుగా చూస్తున్నదే. ఒంటి చుట్టూ టేపు తిప్పి, లోపల రెండు వేళ్లు పెట్టి, ఆ వేళ్ల మీదుగా అంకె చదువుతారు. ఈసారి కొలిచే ముందు ఒక్కరిని తప్ప అందరినీ ఒక మాట అడిగారు.

"ఏ వార్డమ్మా?"

"వార్డుతో మీకేం పని తాతా?" అందో అమ్మాయి.

"పేషెంట్‌ను లేపుతవా, కూసోని రాస్తవా? గంతే తెల్వాలె."

"ఐసీయూ. లేపడమే పని."

ఆమెకు నాలుగు వేళ్లు పెట్టారు. ఓపీలో కూర్చుని చీటీలు రాసే అమ్మాయికి ఒక్కటే వేలు. వరసలో మొట్టమొదట నిలబడ్డ నర్సుకి మాత్రం దాదాపు పిడికిలి పెట్టారు. ఆమె తల దించుకుంది. ఆయన వార్డు కూడా అడగలేదు. నేను ఇవన్నీ చూశాను. చూస్తూ అంకెలు కొట్టాను.

షీటును సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం ఒక మధ్యాహ్నం పని. నా షీటులో భుజం, ఛాతీ, నడుము, చంక, చెయ్యి, పొడవు అని నా వరసలు. దాని పేర్లు దానికున్నాయి. దేనికేదో ఒక్కొక్కటే జత కలిపాను. మొదటిసారి ఎక్కిస్తే తెర మీద నూట పద్దెనిమిది బొమ్మల గౌన్లు వచ్చాయి. అది సెంటీమీటర్లు అనుకుంటోంది, మావి అంగుళాలు. అయిదు నిమిషాల్లో పట్టుకుని సరిచేశాను. దీనికా మూడు వేల అయిదు వందలు అనుకున్నాను. ఆ సంతోషంలో ఉండగానే తర్వాతి పేజీ వచ్చింది. అక్కడొక ప్రశ్న. ఈ కొలతలు ఒంటివా, తయారైన బట్టవా? ఒంటివి అన్నదాని పక్కన ముందే టిక్కు పెట్టి ఉంది. టేపు పెట్టింది ఒంటికే కదా. నెక్స్ట్ నొక్కాను.

ఒంటి కొలతలని చెబితే సాఫ్ట్‌వేర్ తన లూజు తాను కలుపుకుంటుంది. మాస్టర్ గారి వేళ్లు అప్పటికే ఆ లూజు కలిపేశాయి. ఆయన ఏనాడూ మనిషిని రాయలేదు. ఆ మనిషి వేసుకోబోయే బట్టనే రాశారు. ఇది ఆ పక్క కుర్చీలో కూర్చుని టీ తాగుతున్న ఆయన్ని అడిగితే అర నిమిషంలో తేలేది.

బిల్డింగ్ ప్లాన్లు ప్రింటు తీసే జిరాక్స్ షాపులో పేపర్ కటింగులు తీయించాను. షీటుకి రెండు రూపాయలు తగ్గించుకున్నాను, అది కూడా చెప్పుకోవాలి. ముందు ఒక్క టాపు కుట్టి చూశాం. షీటులో మొదటి పేరే తీసుకున్నాం. ఆ నర్సు వేసుకుని అటూ ఇటూ తిరిగి, "హాయిగా ఉందండీ, ఇలాగే ఉంచండి" అంది. ఆమెకు అప్పుడు నాలుగో నెల అని తర్వాత తెలిసింది.

మాస్టర్ గారు మాత్రం కోసిన ముక్కలు బల్ల మీద పరిచి చూసి, "గిది పెద్దగ అనిపిస్తున్నది బేటా. ఇంకోటి కుట్టి చూద్దామా?" అన్నారు.

"కుట్టులో లోపలికి పోతుంది మాస్టర్ గారూ. సిస్టమ్ అన్నీ లెక్కేసే ఇస్తుంది."

"సిస్టమ్ చెప్తే సరే," అన్నారు.

నూట పద్దెనిమిది టాపులు కుట్టి పంపాం. మూడో రోజు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఇద్దరినీ రమ్మన్నారు. బయల్దేరే ముందు అనుమానం వచ్చి సాఫ్ట్‌వేర్ తెరిచి, ఒక్కో పేజీ వెనక్కి వెళ్లాను. ఆ ప్రశ్న అక్కడే ఉంది, నేను వదిలేసిన టిక్కుతో. ఆటోలో మాస్టర్ గారికి చెప్పలేదు. ముందు అక్కడి సంగతి చూద్దామనుకున్నాను.

హెచ్‌ఆర్ మేడమ్ నాకన్నా పదేళ్లు చిన్నది. మర్యాదగానే మాట్లాడింది.

"ఏంటండీ ఇది, అందరూ దుప్పట్లు కప్పుకున్నట్టున్నారు. వంగితే మెడ జారిపోతోందని కంప్లయింట్లు."

"లూజే కాబట్టి సరిచేసి ఇచ్చేస్తామండీ. గుడ్డేమీ పాడవలేదు."

"అది సరే. తప్పెక్కడ జరిగింది? మీ సిస్టమ్‌లోనా, కొలతల్లోనా? సిస్టమ్‌లో అయితే రెండో విడతా ఇలాగే వస్తుంది కదా. నేను పైకి రాసి పంపాలి."

వెంటనే జవాబు చెప్పలేదు. అలవాటు ప్రకారం పక్కకు చూశాను. పక్కన మాస్టర్ గారు ఉన్నారు. ఒళ్లో నాలుగు టాపులు పెట్టుకుని, అంచులు కలిపి మళ్లీ మడత పెడుతున్నారు.

"సిస్టమ్ కరెక్టేనండీ," అన్నాను. "కొలతల్లో వచ్చింది. మాస్టర్ గారు పెద్దవారయ్యారు. చూపు కొంచెం..."

ఆమె ఆయన వైపు తిరిగింది. "అవునా పెద్దాయనా?"

"అవునమ్మా," అన్నారు ఆయన. "నాదే."

అంతే. ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది. ఆర్డరు ఉంచుతామని, కానీ ఇక మీదట ఆయన కొలవకూడదని, అందరికీ వేరేవాళ్లతో మళ్లీ కొలిపించాలని చెప్పింది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడమే కాదు, సరిచేయడానికి ఇచ్చిన వారం గడువును పదిహేను రోజులు చేయించాను. కొత్త కొలతలకు మనిషికి ముప్పై రూపాయల చొప్పున రెండో విడత బిల్లులో వేసుకోవడానికి కూడా ఒప్పించాను. నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

లిఫ్టులో మేమిద్దరమే. నాకేమీ అనిపించలేదు. సిగ్గు వేసిందని రాయొచ్చు, కానీ వేయలేదు. పదిహేను రోజులు సరిపోతాయా, ఆల్టరేషన్‌కి టైలర్లు ఎంత అడుగుతారు, ఇదే నడుస్తోంది బుర్రలో. వెనక్కి వచ్చేటప్పుడు నాగార్జున సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. అప్పుడడిగారు.

"మిషన్‌ల ఏమైంది బేటా?"

చెప్పాను. ప్రశ్న, టిక్కు, ఆయన వేళ్లు, అన్నీ.

"అంటే మిషన్ అడిగిందా? ఒంటిదా, బట్టదా అని?"

"అడిగింది."

"మంచి మిషన్," అన్నారు. నవ్వారు. "ఇరవై రెండేండ్లల్ల నన్ను గిట్ల ఎవ్వరు అడగలే. నీ నాయిన సుత అడగలే."

"అక్కడ అలా అనకపోతే ఆర్డరు పోయేది మాస్టర్ గారూ."

"నాకు ఎరుకే. దుకాణం నడవాలె." సిగ్నల్ వదిలాక ఆటోవాలాతో మెట్రో పిల్లర్ల కింద యూ టర్న్ ఎక్కడ తీసుకోవాలో మాట్లాడుతూ కూర్చున్నారు.

తర్వాత పది రోజులు ఆయన రోజూ వచ్చారు. ఒక్కో టాపూ బల్ల మీద పరిచి, షీటులో తన అంకె చూసి, ఎంత లోపలికి పట్టాలో సుద్దతో గీసి ఇచ్చారు. టైలర్లు కుట్టు విప్పి మళ్లీ వేశారు. ఒక్క టాపు మాత్రం ముట్టనివ్వలేదు. "ఆ అమ్మది అట్లనే ఉండనియ్యి," అన్నారు. మొదటి నర్సుది. మిగిలిన నూట పదిహేడూ సరిచేసి గడువుకి ముందే పంపాం. టైలర్లు ముక్కకి అరవై అడిగారు. చిత్రంగా, నేను తగ్గించలేదు.

నెలాఖరు శుక్రవారం, నమాజు అయ్యాక వచ్చారు. నేను జీతం కవరు సిద్ధంగా పెట్టాను. ఇరవై రెండు వేలు, రంజాన్‌కి తీసుకున్న అడ్వాన్సు అయిదు వేలు పోను పదిహేడు. ఆయన కవరు తీసుకోకుండా జేబులోంచి ఒక కొలతల చీటీ తీసి నా ముందు పెట్టారు. దాని వెనక ఆయన చేతి అంకెలు. ఇరవై రెండు వేలు. కింద అయిదు వేలు. దాని కింద నూట పదిహేడు ఇంటూ అరవై, ఏడు వేల ఇరవై. అన్నిటికన్నా కింద గీత కొట్టి, తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై.

"ఇదేంటి మాస్టర్ గారూ?"

"ఆల్టరేషన్ పైసలు."

"అది మీ తప్పు కాదని మీకు తెలుసు, నాకు తెలుసు."

"ఆడ చెప్పిన గద, నాదే అని. చెప్పినంక కట్టాలె. కట్టకపోతే ఝూట్ చెప్పినట్టయితది."

"సగం సగం చేద్దాం."

"వద్దు."

"పోనీ రెండు వేలు మీరు ఇవ్వండి. మిగతాది నా మీద వేసుకుంటాను."

"నాతోని బేరం జేయకు బేటా. నువ్వు నేర్చుకున్న కౌంటర్ కాడనే నేను సుత నిలబడ్డ."

నేను ఇచ్చేది పెంచడానికి బేరం చేయడం నాకదే మొదటిసారి. చేతకాలేదు. ఆయన కవరు విప్పి, అయిదు వందల నోట్లు పద్నాలుగు లెక్కపెట్టి బల్ల మీద పెట్టారు. తర్వాత పర్సులోంచి ఒక ఇరవై నోటు తీసి వాటి మీద పెట్టారు. లెక్క సరిపోయింది.

"సోమవారం వస్తారా?"

"వచ్చి ఏం జెయ్యాలె? కత్తెర పట్టుకోలేను. టేపు పట్టుకోవద్దన్నరు." మామూలుగానే అన్నారు, బస్సు దొరకలేదన్నట్టు. గడప దగ్గర ఆగి, "ఐసీయూ పిల్లలకు చెయ్యి కాడ జర చూస్కో" అని వెళ్లిపోయారు.

రెండో విడతకు కొత్త కొలతలు నేనే తీశాను. ఇంకొకరిని పెడితే జీతం ఇవ్వాలి కదా. రెండు రోజులు అదే సెల్లార్ గదిలో, టేపు ఒంటికి బిగించి, వేలు పెట్టకుండా, నూట పద్దెనిమిది మందినీ కొలిచాను. హెచ్‌ఆర్ మేడమ్ ఒకసారి వచ్చి చూసి తల ఊపి వెళ్లింది. నా కొలతలతో ఒక టాపు కుట్టించాను. మాస్టర్ గారి పాత అంకెలనే, ఈసారి బట్ట కొలతలని టిక్కు పెట్టి, ఇంకోటి కుట్టించాను. అప్పుడు వార్డు సంగతి చెప్పిన ఐసీయూ అమ్మాయికి రెండూ ఇచ్చాను, ఏది ఎవరిదో చెప్పకుండా. నాది వేసుకుని అద్దంలో చూసుకుని బాగుందంది. ఖాళీ మంచం మీదకు వంగి, మనిషిని లేపుతున్నట్టు రెండు చేతులూ ఎత్తింది. చంక దగ్గర పట్టేసింది. రెండోది వేసుకుని మళ్లీ వంగింది.

"దీంట్లో చెయ్యి లేస్తోందండీ. ఇదే కుట్టండి అందరికీ."

నా షీటు మూసేశాను. ఆయన షీటుతోనే అన్నీ కుట్టించాను. అందులో ఒక్క అంకె కూడా మార్చలేదు. వాళ్ల బిల్లులో మాత్రం కొత్త కొలతల లైను అలాగే ఉంచాను.

డెలివరీ అయిన వారానికి హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్ చేసింది.

"ఒక్క కంప్లయింట్ లేదండీ. చూశారా, కొలిచేవాళ్లు మారితే ఎంత తేడా ఉందో."

"థాంక్యూ అండీ," అన్నాను.

కాంట్రాక్టు కాగితాలు ఆ సాయంత్రమే మెయిల్లో వచ్చాయి. మాస్టర్ గారికి ఫోన్ చేద్దామనుకున్నాను. ఏమని చెప్పాలో ముందు అనుకుని చేద్దామని ఆగాను. ఇంకా అనుకుంటూనే ఉన్నాను.

చివరి బిల్లు ఇది. సాఫ్ట్‌వేర్ నలభై ఒక్క వేలు. ట్రైనింగ్ సున్నా. ఆల్టరేషన్ ఏడు వేల ఇరవై, అది ఆయన కట్టారు కాబట్టి నాకు సున్నా. వాడని కొలతలకు ఆసుపత్రి నుంచి నాకు వచ్చింది మూడు వేల అయిదు వందల నలభై. నేను కొట్టించేసిన ట్రైనింగ్ ఫీజుకన్నా అది నలభై ఎక్కువ. ఇక మాస్టర్ జీతం నెలకు ఇరవై రెండు వేలు మిగులుతోంది, ఏడాదికి కాంట్రాక్టు ఉంది. పై నుంచి కిందికి కూడి చూశాను, కింద నుంచి పైకి కూడి చూశాను. ఎలా కూడినా లాభమే వస్తోంది. ఆయన బల్ల మీద పెట్టిన ఇరవై నోటు వేరేగా దాచుకున్నానని రాస్తే బాగుండేది. దాచలేదు. ఆయన వెళ్లిన సాయంత్రమే గుండుసూదులు కొన్నప్పుడు చిల్లర తక్కువైతే అందులో కలిపి ఇచ్చేశాను.